చేతుల్లో వేడి పుట్టే పిల్లకు అదుపు నేర్పడం ఎలా: బెజవాడ కామిక్ రాసేవాళ్లకు

సూపర్‌హీరోయిన్ కథలు చాలావరకు ఒకే చోట దెబ్బతింటాయి. పిల్లకు శక్తి వస్తుంది. రెండు పేజీల్లో ఏదో తగలబడుతుంది. ఓ పెద్దమనిషి వచ్చి "మనసు నిలుపుకో" అంటాడు. ఆమె కళ్లు మూసుకుంటుంది, అదుపు వచ్చేస్తుంది. చదివే పిల్లలు ఇది నమ్మరు, ఎందుకంటే సైకిలు కూడా అలా రాదని వాళ్లకు తెలుసు. అదుపు అనేది పనితనం. అరిసెల పాకం పట్టడం, కంసాలి ఊదుగొట్టం ఊదడం ఎలా చేతికొస్తాయో ఇదీ అలాగే రావాలి. కొలత ఉండాలి, సరుకు పాడవ్వాలి, పాడైన కారణం తెలియాలి.

ఇక్కడ తీసుకున్న శక్తి వేడి. పిల్లకు పద్నాలుగేళ్లు, ఊరు విజయవాడ. కథ మే చివర, రోళ్లు పగిలే రోహిణీ కార్తెలో మొదలై సెప్టెంబరు వరదలో ముగుస్తుంది. మీరు కరెంటో శబ్దమో తీసుకున్నా పద్ధతి ఇదే, అంకెలు మారతాయి.

ముందు లెక్క కట్టండి

బొమ్మలు మొదలుపెట్టకముందే ఒక కాగితం మీద మూడు విషయాలు తేల్చుకోవాలి: వేడి ఎక్కడి నుంచి వస్తుంది, ఎలా వెళుతుంది, వెనక్కి లాగితే ఎక్కడికి పోతుంది.

మొదటిదానికి జవాబు తిండి అని పెట్టుకుంటే కథకు సగం బలం అక్కడే వస్తుంది. ఒక లీటరు నీళ్లను 30 డిగ్రీల నుంచి 100కు తేవడానికి 70 కిలోకేలరీలు కావాలి. ఆ లీటరంతా ఆవిరి చేయాలంటే పైన ఇంకో 540. ఇడ్లీ ఒక్కదానికి 50 చొప్పున వేసుకుంటే మొదటి పనికి ఒకటిన్నర ఇడ్లీ, రెండోదానికి పదకొండు. ఆ వయసు పిల్ల రోజంతా తినేది సుమారు 2,400. తిన్నదంతా వేడిగా మార్చినా నాలుగు లీటర్లు కూడా ఆవిరి చేయలేదు. ఈ ఒక్క లెక్క రాసిపెట్టుకుంటే ఆమె చేత ఇనప గేట్లు కరిగించాలన్న ఆలోచనే రాదు.

రెండోది. వేడి అరచేతి నుంచి ఎండలా సూటిగా వెళ్లి వస్తువు పైభాగాన్ని తాకుతుంది అనుకోండి. చేతికి దూరం రెట్టింపైతే అందే వేడి నాలుగో వంతుకు పడిపోతుంది. తళతళా తోమిన స్టీలు గిన్నె చాలావరకు వెనక్కి కొడుతుంది, మసిపట్టిన గిన్నె పీల్చుకుంటుంది. అలా కాకుండా వేడి నీళ్ల లోపలే పుడుతుంది అని పెట్టుకుంటే వేరే ప్రమాదం ఉంది. నున్నటి పాత్రలో కదలని నీళ్లు బుడగ రాకుండానే వంద డిగ్రీలు దాటి, చెంచా తగిలిన క్షణంలో ముఖం మీదికి ఎగదన్నుతాయి. మైక్రోవేవ్‌లో జరిగేది ఇదే. రెండింట్లో ఏదో ఒకటే ఎంచుకుని చివరిదాకా దానికే కట్టుబడండి.

మూడోది అందరూ మరిచిపోయేది. వేడిని వెనక్కి లాగగలిగితే అది ఆమె ఒంట్లోకే రావాలి. 50 కిలోల మనిషి ఒళ్లు ఒక డిగ్రీ పెరగడానికి 42 కిలోకేలరీలు చాలు. మరిగే నీళ్లు ఒక్క లీటరు చల్లారిస్తే ఆమెకు 37 నుంచి 38.7, అంటే మంచి జ్వరం. రెండు లీటర్లైతే 40 దాటి వడదెబ్బ స్థితి. పైగా బెజవాడ ఉక్కపోతలో చెమట ఆరదు, ఆ వేడి దిగదు. ఏలూరు కాలువలో మోకాళ్లదాకా దిగి నిలబడే సీను ఇక్కడి నుంచి దానంతట అదే పుడుతుంది.

శక్తి కారడం చిన్నగా మొదలవ్వాలి

కోపం వస్తే మంటలు రావడం అనే పద్ధతి వదిలేయండి. అరిగిపోయిందని కాదు, దానివల్ల అదుపు అంటే కోపం అణుచుకోవడం అని తేలుతుంది. ఆడపిల్లకు ఆ పాఠం ఇంట్లోనూ వీధిలోనూ ఎలాగూ చెబుతూనే ఉంటారు, మన కథ కూడా చెప్పక్కర్లేదు. శక్తి కారడానికి ఒంటి కారణం పెట్టండి: నిద్ర చాలకపోవడం, జ్వరం, తిన్న వెంటనే, ఊపిరి బిగపట్టినప్పుడు. పరీక్ష హాల్లో ఊపిరి బిగపట్టని పిల్ల ఉండదు కాబట్టి చివరిది కథకు బాగా పనికొస్తుంది.

కారుతున్న గుర్తులు వస్తువుల్లో చూపాలి. బాల్‌పెన్ను సిరా కక్కుతుంది. లామినేట్ చేసిన హాల్‌టికెట్ అంచు ముడుచుకుంటుంది. అన్నిటికంటే మంచిది జడలో మల్లెపూలు. సాయంత్రం తెల్లగా కట్టిన మూర దండ పది నిమిషాలకే అంచులు గోధుమరంగు తిరిగి, మెడ వైపున్న పూలు ముందు వాడతాయి. ఈ ప్యానెల్‌లో (ఒక్కో బొమ్మ గీసే గడిలో) మాటలు అక్కర్లేదు, వెనక నిలబడి చూస్తున్న అమ్మ ముఖం చాలు.

వంటింటి బడి

గురువు ఎవరు? రహస్య ప్రయోగశాల వద్దు. వేడితో రోజంతా పనిచేసే మనిషి కావాలి. పిండివంటలు చేసి అమ్మే పిన్ని అయితే సరిగ్గా సరిపోతుంది. ఆమెకు థర్మామీటరు లేదు, చేతికి తెలుసు. పిల్ల "ఎంత వేడి పిన్నీ?" అని అడిగితే "డిగ్రీలు నాకేం తెలుసే అమ్మడూ, గిన్నె వంక చూడు" అంటుంది. ఈ భాగానికి 24 పేజీల కామిక్‌లో కనీసం 8 పేజీలు ఇవ్వండి. ఫైటింగ్ తగ్గినా నష్టం లేదు.

మొదటి పాఠం ఆపడం. వాడటం నేర్పే ముందు ఆపడమే నేర్పాలి. అర లీటరు పాల ప్యాకెట్, అడుగు మసిపట్టిన గిన్నె. పొంగు పైకి లేచాక చెయ్యి తీస్తే పాలు పొయ్యి గట్టంతా పోతాయి. పాల మీద కట్టే మీగడ పొర కింద ఆవిరి చిక్కుకుని ఎత్తుతుంది, గిన్నెలో మిగిలిన వేడి ఇంకా తోస్తూనే ఉంటుంది. చెయ్యి ఆపితే వేడి ఆగదన్నది ఆమెకు ఇక్కడ తెలియాలి. గిన్నె అంచున చిన్న బుడగలు వరసకట్టినప్పుడే తీసెయ్యాలి. మొదటి మూడు ప్యాకెట్లు పొంగించండి, నాలుగోది నిలపండి.

రెండోది తోడు. కాచిన పాలు గోరువెచ్చగా, అంటే 40 నుంచి 45 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు ఒక చెంచా పెరుగు వేసి, రాత్రంతా ఆ వేడి పోకుండా చూడాలి. కొంచెం ఎక్కువైతే తోడులోని సూక్ష్మజీవులు చచ్చి పాలు పాలలాగే ఉంటాయి లేదా జిగటగా సాగుతాయి. తక్కువైతే తోడుకోదు. ఈ పాఠంలో గొప్పదనం ఏమిటంటే ఫలితం పొద్దున్నే తెలుస్తుంది. రాత్రి నిద్రలో చెయ్యి జారిందో లేదో గిన్నె చెబుతుంది. వరసగా ఐదు ఉదయాలు ఒకే మూల నుంచి, ఒకే గిన్నెను ఐదు చిన్న ప్యానెళ్లలో గీయండి. ఐదోదాన్ని వంచినా పెరుగు కదలకూడదు.

మూడోది ఉండపాకం. కిలో తడి బియ్యప్పిండికి ముప్పావు కిలో బెల్లం, కరగడానికి అర గ్లాసు నీళ్లు. నీళ్లు ఉన్నంతసేపు వేడి నెమ్మదిగా ఎక్కుతుంది. నీళ్లు తగ్గేకొద్దీ పాకం చివర్లో పరుగెడుతుంది. ఉండపాకం దొరికేది 112 నుంచి 116 డిగ్రీల మధ్య, నాలుగే డిగ్రీల కిటికీ. పళ్లెంలో చల్లటి నీళ్లు పోసి చుక్క వేస్తే వేళ్ల మధ్య మెత్తటి ఉండ కట్టాలి. ఈ ఒక్క పనిని పేజీ నిండా దగ్గరగా గీయండి: నీళ్లలో పడిన చుక్క ముందు తోకలా సాగడం, పిన్ని బొటనవేలు దాన్ని పళ్లెం అంచుకు లాగడం, రెండు వేళ్ల మధ్య ఉండ దొర్లడం. పాకం లేతదైతే అరిసె నూనెలో విచ్చిపోతుంది, ముదిరితే రాయవుతుంది. ఇక్కడ పిల్ల నేర్చుకునేది చివర్లో శక్తిని సగానికి, పావుకు తగ్గించడం. చాలా కథల్లో శక్తికి రెండే స్థితులు ఉంటాయి, ఉండటం, లేకపోవడం. పాకం దగ్గర ఆ రెండూ పనికిరావు.

దూరం పాఠానికి పెనం చాలు. పెరట్లో ఒక మీటరు దూరం నుంచి పెనం కాచి నీళ్లు చిలకరిస్తే, బాగా కాలినప్పుడు చుక్కలు ఆరిపోకుండా ముత్యాల్లా దొర్లుతాయి. నాలుగు మీటర్లకు జరిగితే అందేది పదహారో వంతు. అక్కడ బలవంతం చేస్తే మధ్యలో ఆరేసిన చీర మాడుతుంది.

ప్రమాదం పేజీ

ఎవరో ఒకరికి కాలాలి, లేకపోతే శక్తి ప్రమాదకరమని చెప్పడానికి ఆధారం ఉండదు. కానీ కాలడం నిజంలా ఉండాలి. 60 డిగ్రీల వస్తువు అయిదు సెకన్లలో చర్మాన్ని లోతుగా కాల్చేస్తుంది. మంట అక్కర్లేదు, ఆమె పట్టుకున్న స్టీలు గ్లాసు తమ్ముడు అందుకుంటే చాలు.

ఆ తర్వాత చేసే పని తప్పు గీయకండి. చదివే పిల్లలు అదే చేస్తారు. కాలిన చోట కుళాయి నీళ్లు ధారగా 20 నిమిషాలు. వాపు రాకముందే ఉంగరం, గాజులు తీసెయ్యాలి. ఐసు వద్దు, టూత్‌పేస్టు వద్దు, పసుపు వద్దు. శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి, పెద్ద గాయమైతే 108కి ఫోన్. ఒక బామ్మ పేస్టు తెస్తే పిన్ని ఆమె చెయ్యి పట్టుకుని ఆపే ప్యానెల్ పెట్టండి.

చప్పుళ్లు, అక్షరాలు

వేడికి తెలుగులో ఉన్నన్ని మెట్లు ఉండగా "బూమ్" అని రాయడం అన్యాయం. నులివెచ్చన, గోరువెచ్చన, చుర్రు, కుతకుత, సలసల, భగ్గు. ఒక్కో మాటకు ఒక్కో వేడి కట్టి కథంతా అదే పాటించండి. కుతకుత పప్పులా చిక్కటివాటికి, సలసల నీళ్లకు, రెండూ కలపకూడదు. మొదటి పేజీల్లో "భగ్గు" పెద్ద అక్షరాల్లో ఉండి, కథ నడిచేకొద్దీ చప్పుడు అక్షరాలు చిన్నవైతే అదుపు పెరిగినట్టు కంటికే తెలుస్తుంది.

పాత్రల మాటలు రాసే బెలూన్‌లో 15 మాటలు దాటితే తెలుగు ఇరుకవుతుంది. వత్తులు కింది వరస గుడులను తగలకుండా వరసల మధ్య ఖాళీ బాగా వదలండి. మాటలకు మండలి, చప్పుళ్లకు రామభద్ర లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. యూనికోడ్ కాని పాత 'అను' ఫాంట్లలో కంపోజ్ చేస్తే ఫోన్లో వెతికినప్పుడు ఆ మాటలు దొరకవు.

శక్తి పనికిరాని చోట పరీక్ష పెట్టండి

గుంటూరు మిర్చి యార్డు ఇందుకు మంచి చోటు. వరసలు కట్టిన టిక్కీల (మిర్చి బస్తాల) మధ్య ఆమె చెయ్యి ఎత్తకూడదు. ఎండుమిర్చి మాడితే ఆ ఘాటు పొగకు మంటకంటే ముందు కూలీలకు ఊపిరాడదు. అక్కడ ఆమె గెలుపు చేతులు జేబులో పెట్టుకుని, ఊపిరి వదులుతూ, తలుపుదాకా నడిచి వెళ్లడమే. రెండు పేజీలు చాలు.

ముగింపుకు వరద. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగాయి. మరునాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులు, అంటే సెకనుకు దాదాపు 3 కోట్ల 24 లక్షల లీటర్లు. రోజంతా తిని నాలుగు లీటర్లు ఆవిరి చేయలేని పిల్ల ఆ నీటికి ఏమీ చేయలేదు, చేయించకండి. నిజంగా డాబాల మీద రోజుల తరబడి గడిపిన మనుషులు ఈ కథ చదువుతారు. ఆ వరదను ఆమె తెచ్చినట్టుగానీ ఆపినట్టుగానీ రాయడం తప్పు.

ఆమె చేయగలిగింది తాగే నీళ్లు కాచడం. డాబా మీద పట్టిన వాన నీళ్లు, నాలుగు మడతల పాత చీరలో వడకట్టి, ఎప్పుడో పెళ్లికి వాడిన మసిపట్టిన గుండిగలో 15 లీటర్లు. తోమిన బిందె ఎందుకు కాదో చదివేవాళ్లకు ఇప్పటికే తెలుసు. సలసల మరిగాక ఒక నిమిషం నిలపాలి, అప్పుడు క్రిములు చస్తాయి. కింద వీధిలో నూనె, మురుగు కలిసిన నీళ్లైతే ఎంత కాచినా తాగకూడదని ఒక బెలూన్‌లో చెప్పించండి. ఖర్చు 1,050 కిలోకేలరీలు, పిల్ల రోజు తిండిలో దాదాపు సగం, అదీ తిండి దొరకని చోట. డ్రోన్ దించిన పులిహోర పొట్లాల్లో తమది ఒకటి పక్కింటివాళ్లు ఆమె వైపు జరుపుతారు.

పసిపిల్లకు పట్టించాలంటే ఆ నీళ్లు గోరువెచ్చనకు దిగాలి. వేడి లాగెయ్యడం ఆమెకు వచ్చు. పదిహేను లీటర్ల వేడి ఒంట్లోకి వస్తే ఏమవుతుందో కూడా తెలుసు. అందుకని గుండిగ మూత పక్కన పెట్టి, గ్లాసులోకి కాసిని వంపుకుని, విసనకర్రతో విసురుతూ కూర్చుంటుంది.