ఈసీజీ తీసేటప్పుడు ఎలక్ట్రోడ్లను ఎక్కడ అమర్చాలి

గుండె కుడి కర్ణికలోని సిరాకర్ణికా కణుపు వద్ద పుట్టిన విద్యుత్ ప్రేరణ ముందు కర్ణికలకు (పై గదులకు), ఆ తర్వాత జఠరికలకు (కింది గదులకు) పాకుతుంది. అందులో మిల్లీవోల్టు స్థాయి అంశం మాత్రమే చర్మం దాకా వస్తుంది. ఈసీజీ యంత్రం దానిని గ్రహించి గీస్తుందే తప్ప ఒంటిలోకి కరెంటును పంపదు. ఈ సంగతిని రోగికి ముందుగానే చెప్పాలి, ఎందుకంటే భయంతో బిగుసుకున్న కండరాల విద్యుత్తు కూడా గీతలో కలిసి దానిని చెదరగొడుతుంది.

ప్రేరణ ఎలక్ట్రోడ్ (ఆ విద్యుత్తును గ్రహించడానికి చర్మం మీద పెట్టేది) వైపు వస్తే గీత పైకి లేస్తుంది, దూరంగా పోతే కిందికి దిగుతుంది. అందుకే ఎలక్ట్రోడ్ చోటు మారితే గుండెలో ఏ మార్పూ లేకున్నా గీత మారిపోతుంది.

రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, చర్మం మీది చెమటను, నూనెను తుడవాలి. మన దగ్గర ఎక్కువగా కనిపించే తీగలలో ఎరుపు కుడిచేతికి, పసుపు ఎడమచేతికి, ఆకుపచ్చ ఎడమకాలికి, నలుపు కుడికాలికి పెట్టాలి. అమెరికా పద్ధతిలో రంగులు వేరు కనుక తీగ మీది అక్షరాలను కూడా చూడాలి.

అసలు జాగ్రత్త ఛాతీ దగ్గర కావాలి. ఇక్కడ వి1 నుంచి వి6 దాకా ఆరు ఎలక్ట్రోడ్లు పెట్టాలి. కంటి అంచనాతో పెడితే మొదటి రెండు ఎలక్ట్రోడ్లు తరచుగా పైకి జరిగిపోతాయి, అప్పుడు ఎన్నడూ గుండెపోటు రాని మనిషికి పాత గుండెపోటు ఉన్నట్టు గీత రావచ్చు. గొంతు కింది గుంట నుంచి రొమ్ము ఎముక మీదుగా వేలిని దింపితే ఒక చిన్న గట్టు తగులుతుంది. దాని పక్కన కలిసేది రెండవ పక్కటెముక, ఆ ఎముక కింద ఉన్నది రెండవ సందు. అక్కడి నుంచి లెక్కపెట్టుకుంటూ నాలుగవ సందుకు వెళ్లి, రొమ్ము ఎముకకు కుడి అంచున వి1, ఎడమ అంచున వి2 పెట్టాలి. తర్వాత వి3 కాకుండా వి4 పెట్టాలి: దాని చోటు అయిదవ సందులో, ఎడమ మెడ ఎముక నడిమి నుంచి నిట్టనిలువుగా దిగే గీత మీద. వి2, వి4ల మధ్య వి3 వస్తుంది. వి5 చంక ముందు అంచు కింద, వి6 చంక నడిమి కింద, రెండూ వి4తో ఒకే మట్టంలో ఉండాలి. పక్కటెముక వంపును అనుసరించకూడదు. స్త్రీలకు తెర కట్టి, అనుమతి అడిగాకే ఎలక్ట్రోడ్లు పెట్టాలి.

కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్ల వేగంతో కదులుతోందో లేదో, ఒక మిల్లీవోల్టుకు గీత 10 మిల్లీమీటర్లు లేస్తోందో లేదో సరిచూడాలి. మొదటి లీడ్‌లో (రెండు చేతుల మధ్య విద్యుత్ తేడాను చూపే గీతలో) అలలన్నీ తలకిందులుగా వస్తే ముందుగా చేతుల తీగలు తారుమారయ్యాయని అనుమానించి, సరిచేసి మళ్లీ తీయాలి. తీగలు సరిగానే ఉండి కూడా అలాగే వస్తే, గుండె ఛాతీలో కుడివైపున ఉండి ఉండవచ్చు కనుక ఆ విషయం వైద్యుడికి చెప్పాలి.