టీచర్ల పనిభారం తగ్గించాలంటే ముందు రెండు వారాల లెక్క తీయండి

టీచర్లు అలసిపోతున్నారని తెలియగానే చాలా బడుల్లో ఒత్తిడి తగ్గించుకోవడం మీద ఒక క్లాసు పెట్టిస్తారు. దానికోసం సాయంత్రం మరో గంట ఆగాలి, పని మాత్రం ఒక్కటీ తగ్గదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన జబ్బుల వర్గీకరణలో బర్నౌట్‌ను, అంటే పనిలో పూర్తిగా అలసి డీలాపడటాన్ని, జబ్బుల కింద చేర్చలేదు. పనిచేసేచోట అదుపులో పెట్టని ఒత్తిడి ఎడతెగక సాగితే వచ్చే స్థితి అంది. కాబట్టి ప్రధానోపాధ్యాయులు మొదట చూడాల్సింది బడిలో పని ఎలా నడుస్తోందన్నదే.

ఒక్కో టీచరుకు ఒక కాగితం ఇవ్వండి. రోజుకో నిలువు గడి, అందులో 15 నిమిషాలకో అడ్డ గీత. ప్రతి గీత దగ్గరా ఏడింటిలో ఒక అక్షరం వేస్తే చాలు: బోధన, పాఠం తయారీ, నోట్‌బుక్కుల దిద్దుబాటు, వివరాల నమోదు, మీటింగులు, తల్లిదండ్రులతో మాటలు, ఇతర డ్యూటీలు. ఇంట్లో చేసిన పనిని వేరే రంగు పెన్నుతో రాయమనండి. ఒక మామూలు వారం, మార్కులు ఎక్కించే వారం ఒకటి ఎంచుకోండి. మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి నింపాలి. శనివారం కూర్చుని గుర్తు తెచ్చుకుని రాస్తే చిన్న చిన్న పనులన్నీ జారిపోతాయి, అసలు బరువు వాటిలోనే ఉంటుంది. కాగితం మీద పేరు వద్దు. పేరుంటే హెడ్మాస్టరుకు ఏది నచ్చుతుందో అదే రాస్తారు. స్టాఫ్ నమ్మే ఒకరు కూడికలు వేసి మొత్తాలు మాత్రం మీకిస్తే మంచిది.

లెక్క వచ్చాక చాలాచోట్ల పెద్దగా కనిపించేది దిద్దుబాటు. 5 సెక్షన్లు, సెక్షనుకు 40 మంది అనుకుంటే 200 నోట్‌బుక్కులు. ఒక్కోదానికి 3 నిమిషాలైనా 600 నిమిషాలు, అంటే 10 గంటలు. రోజుకు 45 నిమిషాల లీజర్ పీరియడ్ ఒకటి చొప్పున ఆరు రోజులకు వచ్చేది నాలుగున్నర గంటలే. మిగతాది సంచిలో ఇంటికి వెళ్తుంది. పైగా ఆ 3 నిమిషాల్లో జరిగేది పేజీకో ఎర్ర టిక్కు, కింద సంతకం, తేదీ. పిల్లవాడు దాన్ని చదవడు, చదవడానికి అందులో ఏమీ ఉండదు.

దీనికి బదులు వారానికి సెక్షనుకు 8 చొప్పున 40 నోట్‌బుక్కులు తీసుకుని, ఒక్కోదానికి 5 నిమిషాలు పెట్టి నిజంగా చదవండి. 200 నిమిషాలు పడుతుంది, లీజర్ పీరియడ్లలోనే అయిపోతుంది. ఐదు వారాలకు అందరిదీ ఒక చుట్టు పూర్తవుతుంది. ఎక్కువమంది చేసిన తప్పులు ఒక చీటీ మీద రాసుకుని, మరుసటి క్లాసులో 10 నిమిషాలు బోర్డు మీద వివరించండి. ఈ పద్ధతి చెడేది ఒక్కచోటే: తనిఖీలో ప్రతి పేజీకీ సంతకం అడిగే నిబంధన అలాగే ఉంటే టీచర్లు రెండు పనులూ చేస్తారు. ముందు ఆ నిబంధన తీసేసి, తల్లిదండ్రులకు రాతపూర్వకంగా చెప్పాకే మొదలుపెట్టండి.

తర్వాత రిజిస్టర్లు, యాప్‌లు, ఫారాల జాబితా రాయండి. ప్రతిదాని పక్కన దాన్ని చదివే మనిషి ఎవరో రాయండి. హాజరు రిజిస్టర్లో ఒకసారి, యాప్‌లో ఒకసారి, ఆఫీసు గ్రూపులో ఒకసారి ఎక్కుతుంటే, పైఅధికారులు అడిగేది ఉంచి మిగతావి ఆపండి. ఇదంతా క్లర్కు బల్ల మీదికి నెట్టేస్తే పని తగ్గినట్టు కాదు. ఆయన చేత కూడా అదే కాగితం నింపించండి.

మెసేజ్ గ్రూపుల్లో అడ్మిన్లు మాత్రమే రాసేలా సెట్టింగ్ మార్చండి. జవాబు ఇచ్చే వేళలు విద్యా సంవత్సరం మొదట్లోనే ప్రకటించి, అత్యవసరానికి ఆఫీసు నంబరు ఇవ్వండి, టీచరు సొంత నంబరు కాదు. రాత్రి పదింటికి హెడ్మాస్టరే మెసేజ్ పెడితే ఈ ఏర్పాటు వారం కూడా నిలవదు.

సబ్‌స్టిట్యూషన్ పీరియడ్లు, అంటే సెలవులో ఉన్న టీచరు బదులు తీసుకునే క్లాసులు, ఎవరికెన్ని పడ్డాయో స్టాఫ్ రూమ్ బోర్డు మీద రాసి ఉంచండి. వారానికి ఒకరికి రెండు దాటకూడదు. లెక్క లేనిచోట అవన్నీ కాదనలేని వాళ్ల మీదే పడతాయి, వాళ్లు తరచు కొత్తగా చేరినవాళ్లు, కాంట్రాక్టు టీచర్లు.

ఏఐ రాసిన హోంవర్కును పట్టుకునే పని టీచర్ల నెత్తిన పెట్టకండి. గుర్తించే సాధనాలను నమ్మలేం. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్ఏఐ తాను తెచ్చిన సాధనాన్నే కచ్చితత్వం తక్కువని 2023 జులైలో ఆపేసింది. తప్పుడు నింద పడితే పిల్లలు, తల్లిదండ్రులు, టీచరు ముగ్గురూ నలిగిపోతారు. మార్కులు పడే రాత క్లాసులోనే 15 నిమిషాలు రాయించి, అనుమానం ఉన్నచోట రెండు ప్రశ్నలు నోటితో అడిగితే సరిపోతుంది.

మూడు నెలలయ్యాక అదే కాగితం ఒక మామూలు వారం మళ్లీ నింపించి, మొదటిసారి మామూలు వారంతో పోల్చి స్టాఫ్ మీటింగులో చూపండి. ఆనాటి నుంచి కొత్త పని ఏది చెప్పినా, దానికి బదులు ఏది ఆపుతున్నారో అదే సర్క్యులర్లో రాయండి.