ఇంట్లోనే స్టూడియో మైకు తయారీ: క్యాప్సూల్ బిగించే ముందు చూసుకోవలసినవి

గొంతు రికార్డింగుకు స్టూడియోల్లో వాడే పెద్ద డయాఫ్రమ్ కండెన్సర్ మైకును విప్పి చూస్తే లోపల ఉండేది కొంచెమే: ఒక క్యాప్సూల్, అరచేతిలో ఇమిడే సర్క్యూట్ బోర్డు, వాటిని కప్పే లోహపు గొట్టం, ముందు జాలీ. టంకం వేయడం వచ్చి, మల్టీమీటరు వాడగలిగిన వారెవరైనా దీన్ని ఇంట్లో చేసుకోవచ్చు. సర్క్యూట్ చిత్రాలు సులభంగానే దొరుకుతాయి. ఆ సర్క్యూట్‌లో ఒకే ఒక్క చోటును మచ్చ లేకుండా ఉంచడమే ఇందులోని అసలు పని, అందుకే ఎక్కువ మాటలు దానికే కేటాయిస్తున్నాను.

క్యాప్సూల్ అంటే ఒక చిన్న కెపాసిటరే. బంగారు పూత ఉన్న పలుచని ప్లాస్టిక్ పొర ఒకవైపు, రంధ్రాలున్న లోహపు పళ్లెం మరోవైపు, మధ్యలో కొన్ని పదుల మైక్రాన్ల ఎడం ఉంటాయి. వీటి మధ్య 40 నుంచి 60 వోల్టులు నిలిపి ఉంచితే, శబ్దానికి పొర కదిలిన ప్రతిసారీ ఆ వోల్టేజీ రవ్వంత మారుతుంది. ఆ మార్పే మనకు కావలసిన సంకేతం. 34 మిల్లీమీటర్ల క్యాప్సూల్ కెపాసిటెన్స్ సుమారు 60 పికోఫారడ్లే కాబట్టి, దానికి 10 మెగా ఓంల రెసిస్టరు జోడిస్తే దాదాపు 265 హెర్ట్జ్‌కు దిగువనున్న మంద్రస్వరాలన్నీ పలచబడతాయి. 1 గిగా ఓం, అంటే వంద కోట్ల ఓంల రెసిస్టరు పెడితే ఆ హద్దు 3 హెర్ట్జ్ కిందికి దిగుతుంది.

క్యాప్సూల్‌ను, సర్క్యూట్‌ను విడివిడిగా ఎంచుకోకండి. కే67 తరహా క్యాప్సూల్ పై స్వరాలను సహజంగానే ఎత్తి చూపుతుంది, దాన్ని తగ్గించే ఏర్పాటు ఉన్న సర్క్యూట్‌కే అది తగినది. ఆ ఏర్పాటు లేని సాదా సర్క్యూట్‌లో పెడితే ‘స’, ‘శ’ అక్షరాలు చెవిలో గుచ్చుకుంటాయి. మొదటిసారి చేసేవారు సాదా సర్క్యూట్‌తో కే47 తరహా క్యాప్సూల్ వాడటం మేలని నా అభిప్రాయం.

ఇప్పుడు ఆ ఒక్క చోటు సంగతి. క్యాప్సూల్ తీగ, గిగా ఓం రెసిస్టరు, జేఫెట్ (క్యాప్సూల్ సంకేతాన్ని అందుకునే ట్రాన్సిస్టరు) గేటు కాలు కలిసే బిందువు దగ్గర వేలిముద్రలోని జిడ్డు సైతం విద్యుత్తుకు దారి ఇస్తుంది. నా మొదటి మైకు నూనెలో ఆవాలు వేసినట్టు చిటపటలాడుతుంటే, రెండు రోజులపాటు జేఫెట్లు మారుస్తూ కూర్చున్నాను. చివరికి భూతద్దంతో చూస్తే రెసిస్టరు కింద లేత పసుపు రంగులో ఎండిన ఫ్లక్స్ (టంకం బాగా అంటుకోవడానికి వాడే పదార్థం) కనిపించింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన మెత్తని బ్రష్షుతో రెండుసార్లు కడిగి పూర్తిగా ఆరనిచ్చాక మైకు నిశ్శబ్దమైంది. అప్పటినుంచి గేటు కాలును బోర్డుకు తగలనీయకుండా పైకి వంచి, మూడింటినీ గాలిలోనే కలిపి టంకం వేస్తున్నాను. గాలిని మించిన ఇన్సులేటరు ఇక్కడ అక్కరలేదు. బోర్డు కడగడమంతా క్యాప్సూల్ బిగించకముందే ముగించాలి, ఎందుకంటే డయాఫ్రమ్ మీద వేలుగానీ బ్రష్షుగానీ పడకూడదు.

క్యాప్సూల్ స్థానంలో ముందుగా 68 పికోఫారడ్ల మామూలు కెపాసిటరు పెట్టి, 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకు కేబులు ద్వారానే అందే విద్యుత్తు) ఇచ్చి సర్క్యూట్‌ను పరీక్షించండి. తప్పేదైనా ఉంటే పోయేది చవకైన విడిభాగమే. ఒకే నంబరున్న జేఫెట్లు కూడా ఒకదానిలా ఒకటి ఉండవు కనుక బయాస్‌ను (జేఫెట్ పనిచేసే వోల్టేజీ స్థాయిని) ప్రీసెట్‌తో, అంటే తిప్పి మార్చగల చిన్న రెసిస్టరుతో, సరిచేయవలసి వస్తుంది. జేఫెట్ మిగతా రెండు కాళ్లైన డ్రెయిన్, సోర్సుల రెసిస్టర్లు సమానంగా ఉన్న సర్క్యూట్‌కు 12 వోల్టులు అందుతుంటే, సోర్సు దగ్గర సుమారు 3, డ్రెయిన్ దగ్గర సుమారు 9 వోల్టులు రావడం మంచి ఆరంభం. క్యాప్సూల్‌కు వెళ్లే వోల్టేజీని మాత్రం గిగా ఓం రెసిస్టరుకు ముందే కొలవాలి. దాని తర్వాత కొలిస్తే, లోపలి నిరోధం 10 మెగా ఓంలే ఉన్న మీటరు 60 వోల్టులకు బదులు అర వోల్టుకు కాస్త ఎక్కువగా మాత్రమే చూపిస్తుంది. అది చూసి సర్క్యూట్ చెడిపోయిందనుకుని మంచి బోర్డును ఊడదీసేవారు ఎందరో.

బోర్డును పెట్టె వెలుపల ఉంచి వింటే గుయ్యిమనే హమ్ వినిపించడం సహజం. గొట్టం, జాలీ, ఎక్స్‌ఎల్‌ఆర్ (మైకు కేబులు తగిలించే కనెక్టరు) ఒకటో పిన్ను మూడూ ఒకదానితో ఒకటి గట్టిగా కలిస్తేనే ఆ హమ్ పోతుంది. గొట్టం లోపల రంగు పూసి ఉంటే, స్క్రూ తగిలే చోట దాన్ని గీకి లోహం బయటపడేలా చేయండి.

అన్నీ సరిపోయాక క్యాప్సూల్ బిగించి, గెయిన్ పూర్తిగా తగ్గించి పవర్ ఇవ్వండి. కొన్ని క్షణాలు ఆగి గెయిన్ నెమ్మదిగా పెంచుతూ, నిశ్శబ్దమైన గదిలో ఒక నిమిషం రికార్డు చేసి హెడ్‌ఫోన్లలో వినండి. పొడిగా ఉన్న రోజున శుభ్రంగా పలికిన మైకు తేమ రోజుల్లో చిటపటలాడితే, దాన్ని సిలికా జెల్ పొట్లంతో కలిపి మూత బిగుతుగా ఉన్న డబ్బాలో ఒక రాత్రి ఉంచి మళ్లీ పరీక్షించండి. అప్పటికీ చప్పుడు తగ్గకపోతే క్యాప్సూల్‌ను తీసి పక్కన పెట్టి, గేటు దగ్గర మరోసారి కడగవలసి ఉంటుంది.