నారుమడి పాఠాలు – 3: ఆకు వాడితే ముందు మట్టిని చూడాలి

పోయిన పాఠంలో మడి జానెడు ఎత్తు చేసి, గింజలు వరసల్లో పోసి, పైన వరిగడ్డి కప్పాం. టమాట అయిదారు రోజులకు మొలుస్తుంది, మిరపకు వారం పైనే పడుతుంది. మొలకలు మట్టిని పగలదీసుకుని కనబడగానే గడ్డి తీసేయాలి, అదీ సాయంత్రం పూట. పొద్దున తీస్తే ఆ లేత మొలక మొదటి రోజే రోహిణి కార్తె ఎండంతా మోయాల్సి వస్తుంది. అలాగని రెండు రోజులు ఊరుకున్నా లాభం లేదు. గడ్డి కింద వెలుతురు దొరక్క మొలకలు పాలిపోయి దారాల్లా సాగుతాయి, తర్వాత నిలబడవు.

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు మే నెలలో ఎండ 43, 44 డిగ్రీలకు చేరడం మనకు కొత్త కాదు. ఆ అంకె నీడలో గాలిని కొలిచి చెప్పేది. ఎర్ర చెల్కలో ఒట్టి నేల పైపొర మధ్యాహ్నానికి అంతకన్నా బాగా ఎక్కువ కాగుతుంది. చెప్పుల్లేకుండా గట్టు మీద నడిచినవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. కాండం మట్టిని తాకేచోట లేత మొక్కకు ఆ వేడి నేరుగా తగులుతుంది. అక్కడ పైతోలు ఉడికి నొక్కుకుపోతే, పైన ఆకులు పచ్చగా ఉండగానే మొక్క పక్కకు ఒరుగుతుంది.

అయినా మన దగ్గర ఎండాకాలం నారు ఎండకు చచ్చేదానికన్నా, ఎండకు భయపడి పోసిన నీళ్ళకు చచ్చేదే ఎక్కువ అని నా అభిప్రాయం. ఈ పాఠంలో నేర్చుకోవాల్సింది కూడా అదే: మొక్కకు నిజంగా దూప (దాహం) అయిందా, లేదా?

మధ్యాహ్నం రెండింటికి మడి దగ్గరికి పోతే ఆకులు వాలి ఉంటాయి. చూసి మనసు ఆగదు, బకెట్ ఎత్తుతాం. అక్కడ ఆగండి. ఆకు ఆవిరిగా వదిలే నీళ్ళంత వేగంగా వేరు తాగలేకపోతే, మట్టిలో తడి ఉన్నా ఆకు వాడుతుంది. పొద్దు వాలి గాలి చల్లబడితే తానే లేస్తుంది. ఈలోపు మనం పోసిన నీళ్ళు మట్టి సందుల్లోని గాలిని నెట్టేస్తాయి. వేడెక్కిన నీటిలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది, ఆ వేడిలోనే వేరుకు ఆక్సిజన్ ఎక్కువ కావాలి. ఊపిరాడని వేరు నీళ్ళల్లో ఉండి కూడా తాగలేదు. ఆకు మళ్ళీ వాడుతుంది, మనం మళ్ళీ పోస్తాం. నాలుగు రోజులు ఇట్లా గడిస్తే మొక్క మొదలు కుళ్ళి పడిపోయే నారుకుళ్ళు తెగులు వచ్చి కూర్చుంటుంది.

కాబట్టి మధ్యాహ్నపు ఆకు చెప్పేది నమ్మకండి, తెల్లారిన ఆకు చెప్పేది నమ్మండి. పొద్దున ఆరింటికి కూడా ఆకు వాలే ఉంటే ఏదో జరిగినట్టే. అప్పుడు మడిలో వేలు రెండు కణుపుల లోతు గుచ్చి చూడండి. పొడి మట్టి రాలిపోతే దూప. తడి మట్టి వేలికి అంటుకుని ఆకు మాత్రం వాలి ఉంటే వేరు చెడుతోంది, ఇంకో చుక్క పోయకూడదు. ఒక మొక్కను మెల్లగా పీకి చూస్తే తేలిపోతుంది: తెల్ల వేరు బతికున్న వేరు, గోధుమరంగుకు తిరిగి జిగటగా జారేది కుళ్ళిన వేరు.

ప్రోట్రేలో, అంటే చిన్న గుంటలున్న ప్లాస్టిక్ ట్రేలో కొబ్బరిపొట్టు నింపి పెంచేవాళ్ళకు వేలు గుచ్చే వీలుండదు, ట్రే ఎత్తి బరువు చూడటం నేర్చుకోవాలి. నిండా తడిపిన ట్రేను ఒకసారి, బాగా ఆరిన ట్రేను ఒకసారి ఎత్తితే తేడా చేతికే తెలుస్తుంది. ఒక గుంటలోని కొబ్బరిపొట్టు వేళ్ళమధ్య నలిపితే తడి అంటాలి, నీరు కారకూడదు. 98 గుంటల ట్రేలో ఒక్కో మొక్కకు దొరికేది గుప్పెడు పొట్టు కూడా కాదు కనుక మే నెలలో దానికి రెండుపూటలా తడి కావాల్సి రావచ్చు. మడికి పొద్దున ఒక్కపూట చాలు, కొన్ని రోజులు అదీ అక్కర్లేదు.

నీళ్ళు పొద్దున ఏడు లోపు, సన్న చిల్లుల రోజ్‌క్యాన్‌తో పెట్టండి. పైపు నోరు నేరుగా పెడితే మట్టి కోసుకుపోయి వేర్లు బయటపడతాయి. ఎండలో పడున్న నల్ల పైపులో మొదట వచ్చే నీళ్ళు చెయ్యి కాలేలా ఉంటాయి, అవి పక్కకు వదిలాకే మడికి తిప్పాలి. మిద్దె మీది ట్యాంకు నీళ్ళూ సాయంత్రానికి అంతే. పొద్దుగూకాక మడిని ముంచితే రాత్రంతా తడి నిలిచి కుళ్ళుకు దారి. ఆకు మీద నీటిచుక్క భూతద్దంలా పనిచేసి కాలుస్తుందని ఊళ్ళల్లో అంటుంటారు, నేను నమ్మను. మన బోర్లల్లో చాలావాటిది ఉప్పునీరు. ఎండలో చుక్క ఆరిపోయి ఉప్పు ఆకు మీద మిగులుతుంది, అంచులు మాడేది దానికి. మొదళ్ళకు పోస్తే ఆ గొడవే ఉండదు.

ఇక నీడ. 50 శాతం షేడ్‌నెట్, అంటే సగం ఎండను ఆపే వల, ఆరడుగుల ఎత్తున కట్టండి. మొక్కకు దగ్గరగా దించితే కింద వేడిగాలి తిరగక ఉడుకుతుంది. నెట్ కొనాలన్న పట్టింపేమీ లేదు, తాటికమ్మలు మన దగ్గర కరువా? పందిరి వేసి సందులు వదిలితే అంతే పని చేస్తుంది. పైన ఎంత నీడున్నా మూడు దాటాక పడమటి ఎండ ఏటవాలుగా లోపలికి దూరుతుంది. ఆ పక్క ఒక తడకో, పాత గోనెసంచులో నిలబెడితే వడగాలి కూడా ఆగుతుంది. నీడ పదకొండు నుంచి నాలుగు దాకా చాలు. పొద్దుటి ఎండ మొక్కకు తిండి, దాన్ని ఆపొద్దు.

అక్కడక్కడ మొక్కలు మొదలు దగ్గర సన్నబడి గుంపుగా పడిపోతున్నాయంటే నారుకుళ్ళే. పడినవాటిని చుట్టుపక్కల మట్టితో సహా తీసేసి, నీళ్ళు ఆపి, లీటరు నీళ్ళకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందు కలిపి మిగిలిన మడి తడిసేలా పోయండి. పడిపోయింది లేవదు, మందు పక్కదాన్ని కాపాడటానికి.

నాటే వారం ముందు నుంచి రోజుకు ఇంత చొప్పున నీడ తగ్గించి, నీళ్ళు కొంచెం కొంచెం కట్ చేయాలి. ఆకు ముదురు రంగుకు తిరిగి కాండం గట్టిపడుతుంది. మొదటి రోజే పందిరి మొత్తం పీకితే ఆకులు తెల్లగా బొబ్బలెక్కి మాడతాయి.

ఈ వారం అభ్యాసం: మడిలో ఒక మూల పుల్ల పాతి, అక్కడి పది మొక్కలను మధ్యాహ్నం రెండింటికి, పొద్దుగూకాక, తెల్లారి చూడండి. వాలాయా, లేచాయా, మట్టి తడా పొడా, మూడు ముక్కలు రాసుకోండి. నీళ్ళు పోయాలనిపించిన ప్రతిసారీ ముందు ఎంత పోద్దామనుకున్నారో రాసి, వేలు గుచ్చి చూశాక ఎంత పోశారో దాని పక్కనే రాయండి. ఆ కాగితం ఉంచుకోండి, పొలంలో నాటిన మొదటి పది రోజుల నీటి లెక్కను వచ్చే పాఠంలో దాంతోనే మొదలుపెడతాం.