రాయి ఏంటో తేలట్లేదా? సమస్యలు, కారణాలు, ఏం చేయాలి

ఇదేం రాయి అని ఫోటో పంపేవాళ్ళలో చాలామంది పంపేది రాయి పైపొర ఫోటోనే. ఏళ్ళ తరబడి ఎండకి ఎండి వానకి తడిసి రంగు మారిపోయిన పైపొర చూసి పేరు చెప్పడం ఎవరివల్లా కాదు, ఎన్నిసార్లు చెప్పినా మళ్ళీ అదే ఫోటో వస్తుంది. సుత్తితో ఒక మూల పగలగొట్టండి, పగిలిన వైపు కాస్త తడిపి ఎండలో పట్టుకొని చూడండి. కింద రాసిందంతా ఆ పని చేశాకే పనికొస్తుంది.

అన్ని రాళ్ళూ ఒకేలా గోధుమ రంగులో ఉన్నాయి

రాయిలో ఉన్న ఇనుము గాలీ నీళ్ళూ తగిలి తుప్పు పట్టింది, అంతే. పైన గోధుమ రంగులో ఉన్న డోలరైట్ (శిలాద్రవం గడ్డకట్టి ఏర్పడే రాయి) లోపల నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది. విశాఖ కైలాసగిరి మీద ఎర్రగా పొడిపొడిగా రాలే ఖోండలైట్ కూడా అంతే, పగలగొడితే లోపల ఎర్రటి గార్నెట్ గింజలు కనిపిస్తాయి. ఒకప్పటి బంకమట్టి లాంటి మేటలు భూమి లోతుల్లో వేడికీ ఒత్తిడికీ మారిపోతే వచ్చిన రాయి అది.

నల్లగా ఉంది, షాపువాళ్ళు గ్రానైట్ అన్నారు, పుస్తకంలో చెప్పినట్టు లేదు

పుస్తకంలో ఉన్నదే కరెక్ట్. వ్యాపారంలో పాలిష్ పట్టే గట్టి రాయి ఏదైనా గ్రానైటే. అసలు గ్రానైట్ అంటే హైదరాబాద్ గుట్టల్లో కనిపించేది, గులాబీ రంగులోనో తెల్లగానో ఫెల్‌స్పార్ అనే ఖనిజం, గాజుముక్కల్లా క్వార్ట్జ్ (పలుగురాయి ఖనిజం), మధ్యలో నల్ల చుక్కలు. దాదాపు 250 కోట్ల ఏళ్ళ కిందట లోతుల్లో మెల్లగా చల్లారింది కాబట్టి గింజలు కంటికి కనపడేంత పెరిగాయి. నల్లది చాలావరకు డోలరైట్ అయి ఉంటుంది, గ్రానైట్ పగుళ్ళలోకి కింద నుంచి శిలాద్రవం ఎక్కి గడ్డకట్టినది, రోడ్డు కోసం గుట్ట తొలిచిన చోట నిలువు చారలా కనిపిస్తుంది. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ అయితే గాబ్రో జాతి, అందులో మెరిసే చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. గింజలు అసలు కనపడకపోతే బసాల్ట్, సన్నగా కనపడితే డోలరైట్, పెద్దవైతే గాబ్రో, మూడిట్లోనూ పదార్థం దాదాపు ఒకటే, చల్లారిన వేగమే తేడా.

తెల్లగా మెరుస్తోంది, చలువరాయా పలుగురాయా

చాకుతో గట్టిగా గీయండి. చలువరాయి మీద గీత పడుతుంది, పలుగురాయి మీద పడదు, పైగా అది గాజునే గీస్తుంది. ఒక్కోసారి పలుగురాయి మీద కూడా గీత పడినట్టే ఉంటుంది, తడి వేలితో రుద్దండి, చెరిగిపోతే అది చాకు ఇనుము అంటుకున్న మరక. తిరుమల కొండల్లో, శ్రీశైలం వైపు దొరికే క్వార్ట్జైట్ (ఇసుకరాయి గట్టిపడి మారిన రాయి) కూడా గీత పడనిదే, పగిలిన చోట పటికబెల్లం ముక్కలా మెరుస్తుంది. ఇసుకరాయి పగిలితే గింజల చుట్టూ విడిపోయి చేతికి ఇసుక రాలుతుంది, క్వార్ట్జైట్‌లో పగులు గింజల్ని కోసుకుంటూ పోతుంది.

యాసిడ్ వేస్తే పొంగుతోంది, కానీ సున్నపురాయిలా లేదు

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. పొంగితే సున్నపురాయి అని బళ్ళో నేర్చుకున్నాం, ఆ మాట నిజమే, కానీ పొంగింది రాయా, రాయి మీద ఉన్నదా అని ఎవరూ చూడరు.

పాలమూరు వైపు ఒకాయన బావి తవ్వితే వచ్చిన రాళ్ళు తెచ్చాడు. యాసిడ్ పడగానే బుస్సుమని పొంగుతోంది, పొలంలో సున్నపురాయి పడిందని జేసీబీ కూడా మాట్లాడేసుకున్నాడు. రాయి తిప్పి చూస్తే ఒక పక్కన గోరు మందాన తెల్లటి పొర, ఆ పొర వెనకాలే గులాబీ ఫెల్‌స్పార్ గింజలు. పొర మీద చుక్క వేస్తే నురగ, పగలగొట్టి రెండు అంగుళాలు లోపల వేస్తే నీళ్ళ బొట్టులా కదలకుండా కూర్చుంది. మామూలు గ్రానైట్.

ఆ పొర ఎలా వస్తుందంటే, వాన నీళ్ళు గాల్లోంచీ మట్టిలోంచీ కార్బన్ డయాక్సైడ్ కలుపుకొని కాస్త పులుపెక్కుతాయి, ఫెల్‌స్పార్ లాంటి ఖనిజాల్లో ఉన్న కాల్షియంని కొంచెం కొంచెంగా లాగుతాయి, పగుళ్ళలోకి దిగుతాయి. వానలు ఎక్కువ పడే చోట అది కొట్టుకుపోతుంది, రాయలసీమ, పాలమూరు లాంటి ఎండు నేలల్లో నీళ్ళు ఆవిరైపోయి కాల్షియం కార్బొనేట్ అక్కడే మిగిలిపోతుంది. నల్లరేగడిలో దొరికే తెల్లటి సున్నపు గడ్డలు కూడా ఇలా పుట్టేవే. బసాల్ట్‌లో ఇంకో రకం మోసం ఉంది, లావా గడ్డకట్టేటప్పుడు మిగిలిన గాలి బుడగల్లో తర్వాతెప్పుడో కాల్సైట్ (కాల్షియం కార్బొనేట్ ఖనిజం) నిండుతుంది, ఆ తెల్ల చుక్క మీద యాసిడ్ పడితే బసాల్ట్ కూడా పొంగినట్టే కనిపిస్తుంది. ఇళ్ళు కట్టే చోట ఏరిన రాళ్ళకి అంటుకున్న సిమెంటు కూడా పొంగుతుంది.

కాబట్టి రాయిని బ్రష్‌తో కడిగి, పాత పగులుకి దూరంగా కొత్తగా పగలగొట్టండి. మూడు చోట్ల మూడు చుక్కలు వేయాలి, పైపొర మీద ఒకటి, పగులు పక్కన ఒకటి, తాజాగా పగిలిన చోట నట్టనడుమ ఒకటి. లెన్స్ పెట్టి బుడగ ఎక్కడ మొదలవుతోందో చూడండి. సున్నపురాయి ఐతే మూడు చోట్లా పొంగుతుంది, పూత ఐతే నడుమ చుక్క చప్పగా ఉండిపోతుంది. తర్వాత నడుమ భాగాన్నే చాకుతో గీయండి, సున్నపురాయి మీద తేలిగ్గా గీత పడుతుంది, గ్రానైట్ మీద బసాల్ట్ మీద పడదు. యాసిడ్ ఒకటి చెప్పి చాకు ఇంకోటి చెబితే పరీక్ష మళ్ళీ మొదటి నుంచి చేయండి, పేరు మాత్రం రాయకండి. యాసిడ్ లేబుల్ మీద హైడ్రోక్లోరిక్ అని ఉండాలి, మూడు వంతుల నీళ్ళలో ఒక వంతు యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్ళు పోయకూడదు, కళ్ళద్దాలు తప్పనిసరి.

నాపరాయిలా ఉంది, యాసిడ్ పొంగట్లేదు

డోలమైట్ కావచ్చు, అంటే మెగ్నీషియం కూడా ఉన్న సున్నపురాయి లాంటిది. కడప జిల్లా వేంపల్లె వైపు బోలెడంత ఉంది. చాకుతో గీకి ఆ పొడి మీద వేయండి, మెల్లగా బుడగలొస్తాయి. తాండూరు, కడప బండలు సున్నపురాళ్ళే కాబట్టి పొడి చేయకుండానే పొంగుతాయి. పొడి కూడా పొంగకుండా పలకలు పలకలుగా చీలితే మార్కాపురం పలకరాయి లాంటిదని అనుకోవచ్చు, సముద్రం అడుగున పేరుకున్న బురద ఒత్తిడికి మారి వచ్చింది.

ఒంటినిండా చిల్లులున్నాయి

వికారాబాద్, జహీరాబాద్ వైపు తిరిగేవాళ్ళకి ఇది తరచూ వచ్చే డౌట్, అక్కడ బసాల్ట్, లేటరైట్ రెండూ దొరుకుతాయి. లోపల కూడా ఎర్రగా ఉండి చాకుకి గీరుకుపోతే లేటరైట్, ఏళ్ళకేళ్ళు వానలకి మిగతావన్నీ కరిగిపోయి ఇనుమూ అల్యూమినియమూ మిగిలినది. లోపల నల్లగానో బూడిద రంగులోనో ఉండి చాకుకి లొంగకపోతే బసాల్ట్, దాదాపు 6.6 కోట్ల ఏళ్ళ నాటి దక్కన్ లావా.

అయస్కాంతం లాగుతోంది, ఆకాశం నుంచి పడిందా

దాదాపు ఎప్పుడూ కాదు. డోలరైట్‌లో మాగ్నెటైట్ అనే ఇనుప ఖనిజం ఉంటుంది, దానికే లాగుతుంది. బుడగలు బుడగలుగా గాజులా ఉంటే కొలిమి చిట్టెం. గుండ్రంగా ఉల్లిపొరల్లా ఊడుతుంటే డైనోసార్ గుడ్డు కాదు, బసాల్ట్ మూలలు వాతావరణానికి అరిగిపోయి అలా అయింది, మధ్యకి పగలగొడితే లోపల గట్టి నల్లరాయే ఉంటుంది.