ఫాంటసీ ప్రేమనవలలకు కొత్తవారు మొదటి పుస్తకాన్ని ఎంచుకోవడం గురించి

మాయాలోకం, ప్రేమకథ రెండూ కలిసిన ఆంగ్ల నవలలను తొలిసారి చదవదలచినవారు, అయిదారు సంపుటాల ధారావాహికతో కాక, ఒకే సంపుటంలో ముగిసే నవలతో మొదలుపెట్టడం మేలు. ధారావాహికల్లో ప్రేమకథ తరచుగా మొదటి పుస్తకంలో కొలిక్కి రాదు. ఈ సాహిత్యం రుచి తెలియకముందే పాఠకుడు అలసిపోతాడు.

నా సూచన నవోమీ నోవిక్ 2015లో వెలువరించిన ‘అప్‌రూటెడ్’. పదేళ్లకొకసారి లోయలోని పల్లెల నుంచి ఒక యువతిని తన బురుజుకు తీసుకుపోయే మాంత్రికుడు, పల్లెలను కబళించే దుష్టారణ్యం, తన శక్తి తనకే తెలియని అగ్నియెష్క అనే అమ్మాయి ఇందులో ఉన్నారు. పోలండ్ జానపద కథల పునాది ఉండటం వల్ల, కాశీమజిలీ కథలు విని పెరిగిన మనకు ఆ అడవి, ఆ మంత్రాలు పరాయివిగా తోచవు. ప్రేమ నెమ్మదిగా, చిరాకుల మధ్య మొలకెత్తుతుంది. నాకు బాగా నచ్చినది అదే.

కొత్త పేర్లు, ఊళ్లు ఎదురైనప్పుడు కంఠస్థం చేయనక్కరలేదు, ఒక కాగితంపై రాసుకుంటే చాలు. పిల్లలకు కొనేవారు మాత్రం వయోవిభాగాన్ని తప్పక చూడాలి, ఎందుకంటే ఈ కోవలో చాలా నవలలు, ‘అప్‌రూటెడ్’తో సహా, శృంగార సన్నివేశాలు కలిగినవే.