చేతిరాత విజిటింగ్ కార్డు, 4వ పాఠం: ఒత్తుకు చోటు

తలకట్టు పోయిన పాఠంలో అయిపోయింది, ఇవాళ కిందికి దిగుదాం. కార్డు పాడయ్యేది ఎక్కువగా కిందనే. పేరు నిండుగా రాసేసి, ఒత్తు దగ్గరికొచ్చేసరికి చోటు చాలక ఇరికిస్తారు. అందుకే గీతలు కింది నుంచి కొలుచుకోవాలి.

కార్డు 89 × 51 మి.మీ. అంచుల్లో 5 చొప్పున వదిలితే నిలువునా మిగిలేది 41. కట్ నిబ్బు, అంటే మొన పలకగా కోసిన నిబ్బు, 1.5 మి.మీ.ది అయితే అక్షరం ఒళ్లు 7 ఉంచండి. కింద ఖాళీ 1, ఒత్తుకు 4, పైన గుడికీ పొల్లుకూ 3. ఒక్క పేరు వరుసకే 15 పోయింది! ఈ గీతలన్నీ 2హెచ్ పెన్సిల్‌తో, కనీకనపడకుండా.

సాధనకు ‘జడ్చర్ల’ తీసుకుందాం. మూడే అక్షరాలు, కానీ పక్కపక్కనే రెండు ఒత్తులు. ఇది కుదిరిందంటే నల్లగొండ, గద్వాల నల్లేరు మీద బండి నడకే. ముందు ఒళ్లు మూడూ రాయండి. జకు తలకట్టు లేదు, చేతివాటంగా పెట్టేస్తారు, జాగ్రత్త. డకూ రకూ మధ్య మామూలుగా వదిలే 1.5కు బదులు 3 వదలండి. లేకపోతే చ ఒత్తు జరిగి ర కిందికి పోతుంది, చదివేవాళ్లు తికమకపడతారు.

ఒత్తులు చివరన, 1 మి.మీ. నిబ్బుతో. 1.5 నిబ్బుతోనే వేస్తే 4 మి.మీ. చ ఒత్తులో రెండు వైపుల గీతలకే 3 పోతుంది. మిగిలిన 1 మి.మీ. కడుపు సిరాతో పూడుకుపోయి నల్ల చుక్క తేలుతుంది. షాపు బోర్డుల మీద ఇలాంటి చుక్కలు బోలెడు.

మిర్యాలగూడ వాళ్లకు లెక్క వేరు. య ఒత్తు కిందికన్నా పక్కకు ఎక్కువ చోటు అడుగుతుంది. మహబూబ్‌నగర్‌లో ఒత్తే లేదు, రెండు పొల్లులున్నాయి కాబట్టి కింది 4లోంచి 1 పైకి ఇవ్వండి.

నున్నటి ఆర్ట్ కార్డు వద్దు, సిరా పీల్చక వేలికి అంటుతుంది. మెరుపు లేని 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల) అట్ట తెచ్చుకోండి. కొత్త నిబ్బుకు నూనె పూత ఉంటుంది, సబ్బునీళ్లతో కడగకపోతే సిరా నిలవదు. మే ఎండల్లో ఫ్యాను కింద కూర్చుంటే సిరా నిబ్బు మీదే ఆరి గీత తెగుతుంది. ఫ్యాను ఆపితే చెమట, కాబట్టి అరచేతి కింద తెల్లకాగితం. పెన్సిల్ గీతలు అరగంట ఆగి చెరపండి.

వచ్చే పాఠం ఫోన్ నంబరు. 0.7 నిబ్బు ఒకటి తెచ్చిపెట్టుకోండి.